ఇంకో నెల

"పాలు పొంగిపోతానయ్ సూడు పిల్లా!"

వెనక నుంచి వచ్చిన కేకకు దీప ఉలిక్కిపడి స్టవ్ ఆపేసింది. అప్పటికే సగం పాలు గట్టు మీద ఉన్నాయి.

తలకు స్కార్ఫ్ కట్టుకున్న పక్క గది ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. మనిషి ఎండి వరుగైంది గానీ గొంతు మాత్రం వాడ చివరి ఇంటి దాకా వినపడుతుంది.

దీప కొత్తవాడలో ఆ గదిలోకి దిగి రెండు రోజులే అయింది. భర్త పోయాక రెండేళ్లు పాలంపేటలో తమ్ముడి ఇంట్లో ఉంది. మరదలి మాటలు పడలేక, వరంగల్‌లో పని దొరకగానే పెట్టె సర్దుకుని వచ్చేసింది.

"ఏం పని?" ఆవిడ అడిగింది.

"బడిల ఆయా పని అక్కా. టెంపరరీ. అసలు ఆయా పానం బాగలేక సెలవుల ఉన్నదట. ఆమె వచ్చేదాకనే."

"ఏ బడి?"

దీప చెప్పింది. ఆవిడ తల మీది స్కార్ఫ్ సర్దుకుంది.

"మరి ఆమె వస్తే?"

"వస్తే ఏమున్నది, మల్ల తమ్మునింటికే."

"ఆమె మొత్తానికే మానేస్తే?"

"మేనేజ్‌మెంటోళ్లు వాళ్ల మనిషిని పెట్టుకుంటరట. ఎట్లయినా నా పని పోవుడే."

ఆమె సెలవులో ఉన్నన్నాళ్లే దీపకు పని. లెక్క అంతే.

'అక్కా' అంటే ఆవిడ పలికింది, 'పిల్లా' అంటే దీప పలికింది. వరస కలిశాక ఇక పేరు అడిగేదెవరు? దీప తన పేరు మొదటి రోజే చెప్పింది గానీ, ఆవిడది అడగలేదు.

బడిలో మాత్రం సెలవులో ఉన్న ఆయా పేరు దీప చెవిలో జోరీగలా మోగేది. రాజక్క ఉంటే ఎల్‌కేజీ పిల్లలు ఏడ్చేవాళ్లే కాదట. రాజక్క చేత్తో పెడితే వాంతి చేసుకునే పిల్ల కూడా డబ్బా ఖాళీ చేసేదట. మొహం కూడా చూడని ఆ మనిషంటే దీపకు ఒళ్లు మండేది.

సాయంత్రం గదికి వస్తే అక్క ఆరాలు.

"ఇయ్యాల పిల్లలు ఏడ్సిన్రా?"

"చెవులు పగిలేటట్టు ఏడ్సిన్రు."

"బుజ్జగియ్యకు. పక్కన కూసోని నీ పని నువ్వు చేస్కో. వాళ్లే నీ దగ్గరికి వస్తరు."

ఈమెకెందుకీ సోది అనుకుంటూనే దీప అలాగే చేసింది. పిల్లలు వచ్చారు.

నెలాఖరు దగ్గరపడితే దీపకు అన్నం సహించేది కాదు. హెడ్‌మిస్ట్రెస్ రమ మేడం పిలిచి, "సెలవు చీటీ వచ్చింది, ఇంకో నెల" అంటేగానీ ఊపిరి ఆడేది కాదు.

నాలుగో నెల చీటీ రాలేదు. దీప ఏడుపు మొహంతో వచ్చి అక్క మంచం పక్కన కూలబడింది. అక్క ఈమధ్య లేవడం తగ్గించింది.

"ఆ మహాతల్లి లేచి కూసున్నట్టున్నది అక్కా. రేపో మాపో పనిల చేరుతదేమో."

"నీకు గంత భయమైతాందా?"

"మల్ల ఆ ఇంటికి పోలేను. ఇంకో ఆర్నెల్లు ఆమె మంచం దిగకుంటే బాగుండు. పాపమో ఏమో, దేవునికి గదే మొక్కుతాన్న."

అక్క ఆమె వంకే చూసింది. ఆ చూపులో కోపం లేదు. చెయ్యి చాచి దీప కళ్లు తుడిచింది.

"ఫికర్ జెయ్యకు. ఆమె దిగదు తియ్యి."

"నీకెట్ల ఎరుక?"

"రేపు చీటీ వస్తది సూడు."

మర్నాడు నిజంగానే చీటీ వచ్చింది. దీప సంబరంగా మిఠాయి కొనుక్కొచ్చి అక్క నోట్లో పెట్టింది. అక్క దాన్ని మింగలేక చాలాసేపు అవస్థ పడింది.

రెండు వారాల తర్వాత, పొద్దున్నే వాకిట్లో ఆటో ఆగింది. ఆటో నడిపే చాంద్ పాషా, ఇంటి ఓనరు కలిసి అక్కను మోసుకొచ్చి ఎక్కించారు.

"దవాఖానకు జర తోడు రా బేటీ," అన్నాడు చాంద్ పాషా.

దీప టైం చూసుకుంది. టెంపరరీ మనిషి నాగా పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"సాయంత్రం వస్త చాచా. బడికి ఆలస్యమైతది."

ఆటోలోంచి అక్క చెయ్యి ఊపింది, వెళ్లు వెళ్లు అన్నట్టు.

పదకొండింటికి బడి గంట మోగింది. పిల్లలందరినీ వరుసల్లో నిలబెట్టారు.

"మన రాజక్క ఇందాకే చనిపోయిందని దవాఖాన నుంచి ఫోనొచ్చింది," అంటూ రమ మేడం కళ్లు ఒత్తుకుంది.

'నా పని పోయింది.' దీపకు ముందు తోచింది అదే. అలా తోచినందుకు సిగ్గేసింది కూడా.

రమ మేడం ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచి ఒక కవరు చూపించింది.

"రాజక్క పోయిన వారం పంపింది. రాబోయే ఆర్నెల్లకు సెలవు చీటీలు. అన్నిటి మీద తేదీ, సంతకం. అన్నిటి కింద ఒకటే మాట, నా పనిల దీపనే ఉంచుండ్రి అని. ఇప్పుడు ఇవి చెల్లవు. నువ్వు ఆమెకు ఏమైతవు?"

"ఏం గాను మేడం. నేను ఆమెను సూడనే లేదు."

"సెలవు పెట్టినంక మేము మాత్రం సూసినమా? దవాఖానకు దగ్గరని రూం మారింది. మేమొచ్చి ఏడుస్తమని అడ్రస్ గూడ చెప్పలే."

అటెండరు దండ వేసిన ఫోటో తెచ్చి టేబుల్ మీద నిలబెట్టాడు.

ఒత్తయిన జడతో, నిండు బుగ్గలతో, ఆ ఫోటోలో నవ్వుతున్నది పక్క గది అక్క.