పదిహేడో నంబరు బ్యాటరీ

"ఆ పదిహేడోదాన్ని మాత్రం ఆఖర్న విప్పండమ్మా," అన్నాడు నీళ్ల మేస్త్రి.

ఆయన అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. సర్వర్ గది పక్కనున్న ఇరుకు గదిలో ఇరవై నాలుగు బ్యాటరీలకు ముప్పై అయిదేళ్లు డిస్టిల్డ్ వాటర్ పోశాడు కనుక ఆ పేరే స్థిరపడిపోయింది. కరెంటు పోయినా సర్వర్లు ఆగకుండా కాపాడేవి అవే. వాటిని తీసేసి కొత్త రకంవి పెడుతున్నారని తెలిసి, ఆఖరిసారి చూసిపోదామని భార్యతో వచ్చాడు. ఆవిడా ఇక్కడే సర్వర్ గది చూసుకుని రిటైరైన మనిషే.

"కొత్తవి నీళ్లు అడగవు బాబాయ్. పదేళ్లదాకా వీటి జోలికే రానక్కర్లేదు," అంది వాటిని విప్పుతున్న ఇంజనీరమ్మ.

"నీళ్లే అడక్కపోతే ఇంక మనిషి ఎందుకొస్తాడమ్మా వీటి దగ్గరికి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆయనకి బెంగగా అనిపించింది.

మిగతావన్నీ విప్పాక ఇంజనీరమ్మ పదిహేడోదాని ముందు వంగింది. "బ్యాటరీలు ఎన్నిసార్లు మారాయో గానీ ఈ బోల్టు పాతదే. అంచులన్నీ అరిగిపోయాయి చూడండి. ఎవరో పనిగట్టుకుని విప్పి బిగించినట్టుంది!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రి గబగబా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. భార్య హ్యాండ్‌బ్యాగును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"పొద్దుట్నుంచీ మోస్తున్నావు, అందులో ఇటుకలేమన్నా వేసుకొచ్చావా?" అన్నాడు మాట మార్చడానికి.

"మీకెందుకూ?"

ఇంజనీరమ్మ ట్రాలీ తేవడానికి వెళ్లింది. గదిలో భార్యాభర్తలిద్దరే మిగిలారు.

పెళ్లికి ముందు, ఆవిడ ఇక్కడ కొత్తగా చేరిన రోజులవి. సోమవారం, గురువారం బోల్టు వదులై ఈ గదిలో అలారం కుయ్యిమనేది. వెంటనే ఫోన్ చేసేది. "మేస్త్రిగారూ, మళ్లీ పదిహేడోదే. ఇదేనా మీ పనితనం?" ఆయన పరుగున వచ్చి బిగించేవాడు. ఒకసారి కంగారులో స్పానర్ కూడా ఇక్కడే మరిచిపోయాడు. మర్నాడు వెతికితే దొరకలేదు. పని అయ్యాక ఆవిడ ఫ్లాస్కులోంచి అరకప్పు కాఫీ పోసేది. ఆ అరకప్పు తాగడానికి ఆయనకి అరగంట పట్టేది. ఎంత మంచి అరగంటలవి! పెళ్లిమాట కూడా అలాంటి కాఫీ దగ్గరే కుదిరింది.

కానీ ఆ అలారాల వల్లే ఆవిడకి మెమో వచ్చింది. ప్రమోషన్ ఏడాది వెనకపడింది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ కళ్లు తుడుచుకోవడం ఆయన కళ్లారా చూశాడు. ఆ తర్వాత అలారం మోగలేదు. ఆయన నోరూ పెగల్లేదు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆవిడ దగ్గర దాచింది అదొక్కటే. ఇవాళ ఈ బ్యాటరీ ట్రాలీ ఎక్కితే ఇక చెప్పే సందర్భం రాదు.

"నీకో మాట చెప్పాలి. తిట్టినా పడతాను," అన్నాడు.

"చెప్పండి."

"ఆ బోల్టు దానంతటది వదులవలేదు. నీళ్లు పోసి వెళ్తూ వెళ్తూ నేనే అర చుట్టు తిప్పేవాణ్ణి. నువ్వు పిలుస్తావని. నీకు మెమో వస్తుందనుకోలేదు. నీ ప్రమోషన్ నా వల్లే వెనకపడింది."

ఆవిడ వంగి, అరిగిన ఆ బోల్టు అంచుల్ని వేలితో తడిమింది.

"ఎప్పుడెప్పుడు తిప్పేవారు?"

"సోమవారాలే. ఒట్టు! గురువారాలు ఎందుకు మోగేదో నాకిప్పటికీ అంతుపట్టలేదు. నా బిగింపులోనే లోపముందేమోనని ఎన్ని రాత్రులు మథనపడ్డానో."

ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది. తుప్పు పట్టిన స్పానర్ ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. పిడి మీద ఆకురాయితో ఆయన పెట్టుకున్న రెండు గీతల గుర్తు ఇంకా ఉంది.

"గురువారాలు నావండీ."