మొహం వాచిన మెదడు

సాయంత్రంలోగా ఒక్క కలైనా పట్టుకోకపోతే నిద్ర పరీక్షల ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగం ఊడుతుంది. డాక్టర్ మేడం ఆ మాట సోమవారమే తేల్చి చెప్పేసింది. ఆ దిగులుతో మూడు రోజులుగా అతనికి కంటి మీద కునుకు లేదు.

ఇవాళ మధ్యాహ్నం పరీక్షకు మంచమెక్కింది రిటైరైన బస్సు కండక్టర్. ముప్పై ఏళ్లు కుదుపుల్లో కునుకు తీసినవాడికి మెత్తటి పరుపు, చీమ చిటుక్కుమన్నా వినపడే గది ఏం రుచిస్తాయి? తలకు తీగల టోపీ, కళ్ల పక్కన బిళ్లలు, గడ్డం కింద ఇంకో బిళ్ల పెట్టించుకుని, ఇదెందుకు అదెందుకు అని ఆరా తీస్తూ గుడ్లప్పగించి పడుకున్నాడు.

టెక్నీషియన్ ఓపిగ్గా చెప్పాడు. కల వచ్చేటప్పుడు మెదడు మెలకువలో ఉన్నట్టే పరుగులు పెడుతుందట. మూసిన రెప్పల కింద కళ్లు అటూ ఇటూ తిరుగుతాయట. ఒళ్లు మాత్రం కదలదట. కదిలితే కలలో తన్నిన తన్నులు పక్కలో ఉన్నవాళ్లకు తగులుతాయి మరి.

"పడుకో బాబాయ్, నీకు దణ్ణం పెడతా. ఇవాళ కూడా కల దొరక్కపోతే నా పని అయిపోయినట్టే."

"అడగ్గానే తెచ్చివ్వడానికి నిద్రేమైనా కొట్లో సరుకా అబ్బాయ్?" అన్నాడు కండక్టర్. అన్నాడే గానీ, టెక్నీషియన్ మొహం చూస్తే జాలేసింది.

టెక్నీషియన్ చివరి అస్త్రం తీశాడు. మంచం పక్క కుర్చీలో కూలబడి, పరీక్ష నియమాల పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టాడు. మొత్తం నలభై పేజీలు. రాసినవాడు కూడా చివరిదాకా చదివి ఉండడు.

మీటింగ్ ముగించుకుని మేడం పక్క గదిలో తెర ముందు కూర్చునేసరికి టోపీ, బిళ్లలు పంపే గీతలు పిచ్చిపిచ్చిగా ఎగురుతున్నాయి. పెద్దాయన పక్కకి దొర్లుతున్నాడు కాబోలు అనుకుంది. కాసేపటికి గీతలు సర్దుకుని బారుగా సాగాయి. ఇంకాసేపటికి మెదడు గీత దౌడు తీసింది, కళ్ల గీత గంతులేసింది, గడ్డం గీత చాపలా పరుచుకుంది.

మేడం కుర్చీ అంచుకొచ్చేసింది. ఇంత తొందరగా, ఇంత చిక్కగా కల మొదలవడం ఆవిడ సర్వీసులో అరుదు. నిద్రకు మొహం వాచిన మెదడుకే ఇలా వస్తుందని పక్కనున్న నర్సుతో చెప్పి మురిసిపోయింది. టెక్నీషియన్‌ని ఊరికే ఆడిపోసుకున్నానని ఒప్పుకుంది. అతని ఉద్యోగానికి ఇక ఢోకా లేదంది.

కల చెదరకముందే మనిషిని లేపి అడగాలి. మేడం చెప్పులు విప్పేసి, పిల్లిలా నడిచి వెళ్లి, తలుపు తీసింది.

మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న కండక్టర్ పెదాల మీద వేలు పెట్టుకుని, పక్క కుర్చీలో తీగల టోపీతో, బిళ్లలతో నోరు తెరుచుకుని నిద్రపోతున్న టెక్నీషియన్‌ని చూపిస్తూ, "నాకెలాగూ పట్టలేదమ్మా, సీటు ఖాళీగా పోనివ్వడం ఇష్టంలేక ఈయన్ని ఎక్కించాను" అన్నాడు.