పిండి తడిసిన చోటు

"ఆపవయ్యా బండి! మళ్ళీ నా బూట్లలోకి నీళ్ళొస్తున్నాయి!"

ముందు వరసలోంచి ఒమోలో మాస్టారు అరిచిన అరుపుకు డ్రైవర్ ఒబుయా అద్దంలోంచి వెనక్కి చూశాడు. నైరోబీలో బయల్దేరినప్పటి నుంచీ ఇదే గోల. బయట ఎండ మాడ్చేస్తోంది. ఆ దారిలో వాన పడి నెలలు దాటింది. అయినా బండిలో మాత్రం ఎక్కణ్ణుంచో నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"ఎత్తు ఎక్కేటప్పుడు వెనకున్న మా కాళ్ళు తడుపుతున్నాడు, పల్లం దిగేటప్పుడు మీవి తడుపుతున్నాడు. మా డ్రైవరు బాబుకు పక్షపాతం లేదులెండి," అంది నడిమి వరసలోని ముసలావిడ. బండంతా ఘొల్లుమంది.

ఒబుయాకు మాత్రం నవ్వు రాలేదు. బండి యజమానురాలు నెరెయా ఆ పొద్దున తాళాలు చేతిలో పెడుతూ మొహమాటం లేకుండా చెప్పేసింది. "ఇంకొక్క ఫిర్యాదు ఫోనొచ్చిందా, రేపట్నుంచి ఈ బండి నువ్వు తోలవు." ఆ ఫోను నంబరు తలుపు మీద అరచేతులంత అంకెలతో రాయించింది కూడా ఆవిడే. మాస్టారు అప్పటికే సెల్‌ఫోన్ బయటికి తీశారు.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతా. ఒక్కసారి పూర్తిగా వెతకనివ్వండి. దొరక్కపోతే నేనే కలిపిస్తాను ఫోను."

"పొద్దుట్నుంచీ వెతుకుతూనే ఉన్నావుగా! మా బడిలో నీలాంటి వాణ్ణి బెంచీ ఎక్కించేవాణ్ణి."

రోడ్డు పక్కన చదునైన చోటు చూసి ఆపాడు. అందరూ గొణుక్కుంటూ దిగి తుమ్మచెట్టు నీడన నిలబడ్డారు. ఒబుయా రబ్బరు చాప ఎత్తి కింద వేలు ముంచాడు. జివ్వుమంది. ఇంజను నీళ్ళయితే చెయ్యి కాలాలి. ఇవేమో చల్లగా ఉన్నాయి. పైకప్పు తడిమాడు, కాలుతోంది గానీ చుక్క తడి లేదు. బండి కడిగే నీళ్ళ డబ్బా ఖాళీ. రేడియేటర్ మాత్రం పొద్దున నింపింది నింపినట్టే ఉంది.

"అన్నా, ఇది మన చేతిలో పని కాదు," అన్నాడు కండక్టర్ వాసోంగా. "మనమంటే గిట్టనివాళ్ళు ఎవరో ఏదో చేయించారు బండికి."

"నోర్ముయ్. చేయించేవాడు టైర్లకి చేయిస్తాడు గానీ మాస్టారి బూట్లకి చేయిస్తాడా?"

పైకి అలా కసిరాడే గానీ, ఒబుయాకు ఏడుపొచ్చినంత పనయింది. ఏ చిల్లూ లేని బండికి ఎక్కడని మాటు వెయ్యడం? నేలంతా పొడిగుడ్డతో తుడిచి, ముసలావిడ దగ్గరికెళ్ళి చెయ్యి చాచాడు.

"అవ్వా, నీ పిండి పొట్లంలోంచి ఒక గుప్పెడు ఇవ్వవే."

"ఉగాలి వండుకునే మొక్కజొన్న పిండిరా అది! నీ బండి మొహానికి పౌడరు కాదు!" అంటూనే పొట్లం విప్పింది.

వరసల మధ్య పిండి పల్చగా చల్లి, మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళప్పగించి చూశాడు. కాసేపటికి తెల్లటి పిండి ఒకచోట ముద్దవడం మొదలైంది. చిట్టచివరి వరసలో, మూలన. అక్కడొక చిన్న వయసు అమ్మాయి దిగకుండా అలాగే కూర్చుని ఉంది. ఆమె పాదాల మధ్య తాళ్ళతో కట్టిన థర్మకోల్ పెట్టె ఉంది. నీళ్ళు దాని అడుగునుంచే కారుతున్నాయి.

దొరికింది! ఒబుయాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు బండిది కాదు, తనది అసలే కాదు. పెట్టె తీసుకెళ్ళి మాస్టారి ముందు పెడితే చాలు, ఉద్యోగం నిలబడ్డట్టే.

"ఏంటమ్మా ఇందులో?"

"చేపలన్నా. ఐసులో పెట్టాను." అందామె తలెత్తకుండా.

"ఏ ఊరు మీది?"

"హోమాబే."

పడవల నిండా చేపలు పట్టి నైరోబీకి పంపే ఊరు అది. "సరస్సు ఒడ్డుకి చేపలు మోసుకెళ్తున్నావా తల్లీ!" అని ఒబుయా నవ్వబోయి, తలెత్తి ఆమెను చూశాడు. ఆమె గౌను ముందువైపంతా తడిసి ఉంది. నవ్వు మానేశాడు.

"దారిలో దించెయ్యకన్నా," అందామె రెండు చేతులతో పెట్టెను పట్టుకుని. "ఎలాగైనా ఇంటికి చేర్చాలి."

బయట మాస్టారు కేకేశారు. "ఏమయ్యా, దొరికిందా? ఆ మూలన పెట్టె ఏమిటి?"

ఒబుయా కిందికి దిగాడు.

"పెట్టెలో మందులు మాస్టారూ. పొడిగానే ఉంది. నా బండే కారుతోంది. ఎక్కడో నాకు తెలీడం లేదు."

"ఒప్పుకున్నావా! అయితే ఫోను చెయ్యనా?"

"చెయ్యండి. తలుపు మీద ఉంది నంబరు."

తన పక్క సీటులోని మూటలన్నీ వాసోంగాతో వెనక్కి వేయించి, అమ్మాయిని తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. పెట్టెను తనే ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు. దానికి పెద్ద బరువు లేదు.

బండి కదిలింది. "అమ్మా నెరెయా గారూ, మీ డ్రైవరు తప్పు తన నోటితోనే ఒప్పుకున్నాడండీ..." అని వెనక మాస్టారు ఫోనులో బండంతా వినపడేలా చెబుతున్నారు. పెట్టెలోంచి కారిన నీళ్ళు ఇప్పుడు ఒబుయా చెప్పుల కిందికి చేరుతున్నాయి. అతను సీటు వెనక తగిలించిన తన స్వెట్టర్ తీసి, పాలు చేపి తడిసిపోయిన ఆమె గౌను మీద కప్పాడు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"పుట్టింది బాబా, పాపా, తల్లీ?"