ఏనుగులకు గడువు

ఏనుగుల మంద చెట్లు విరిచి విరిచి అడవిలో నీడకు కరువొచ్చింది. ఎండకు పిట్టలు రాలిపోతుంటే, కడుపునిండా తిని గుహలో చల్లగా పడుకున్న సింహం ఓ శాసనం చేసింది. నక్క దాన్ని చాటుతూ బయల్దేరింది.

"నీడ కాపాడాలి! ఇవాళ్టి నుంచి ఎవరూ ఆకు తుంచరాదు, పీచు పీకరాదు. ఏనుగులకు మాత్రం వాటి మునిమనవలకు దంతాలు మొలిచేదాకా గడువు!"

పీచు మోసుకొస్తున్న ఉడుత ఆగిపోయింది. సగం కట్టిన గూట్లో కళ్లు తెరవని దాని పిల్లలు ఎండకు సొమ్మసిల్లుతున్నాయి.

"ఇదేం న్యాయం నక్క బావా? కొమ్మలు విరిచేవాళ్లకు గడువూ, పీచు పీకేదానికి శిక్షా?"

"ఏనుగులు అడవికి బలం కదమ్మా. ఉన్నపళాన మానమంటే చిక్కిపోవూ? నువ్వే ఉడుతాభక్తిగా సర్దుకోవాలి."

"ఉడుతాభక్తి చూపించీ చూపించీ మా వీపుల మీద చారలు పడ్డాయి. ఏనుగుభక్తి ఎప్పుడు చూస్తాం? ఆ దంతాలు మొలిచేదాకా నా పిల్లలు ఊపిరి బిగబట్టుకుని కూచోవాలా?"

ఉడుత ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని తీసుకెళ్లి నేరుగా సింహం గుహలో పడుకోబెట్టింది.

"ఇది రాజుగారి ఇల్లు!" అని వెనకే వచ్చిన నక్క అరిచింది.

"అడవిలో మిగిలిన నీడ ఇదొక్కటే. గడువు తీరేదాకా మేమిక్కడే."

అది చూసి కుందేలు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. జింక వచ్చింది. ముళ్లపంది సంసారమంతా వచ్చి సింహం పక్కనే సర్దుకుంది. ఒత్తిగిలబోయిన సింహం ఎగిరి లేచి నిలబడింది.

"నక్కా, ఏనుగుల్ని పిలు. వాటి గడువు ఈ పొద్దుతో సరి!"