పచ్చ సీసా

"రెండో క్యాన్ ఎందుకు? బండి మోయాల్సింది మనల్నా, నీళ్ళనా?" అంటూ ఓరిన్ దాన్ని గ్యారేజీలోనే వదిలేశాడు.

వెర్నాకు అనుమానం అక్కడే మొదలైంది.

నీళ్ళ విషయంలో ఆమె చాదస్తం ఊరికే రాలేదు. నిరుడే కిడ్నీ మార్చారు. రోజూ మింగే మందులు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తినే అణిచేస్తాయి. "ఒక్క గుక్క చెడ్డ నీళ్ళు చాలమ్మా, ఈ కిడ్నీ కూడా పోతుంది" అని డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు. ఆ సంగతి ఓరిన్‌కు తెలియదా? తెలుసు. తెలిసే మొన్న వేసవిలో పెళ్ళాడాడు.

చెల్లెలు లారూ ఊరుకుంటుందా! "అక్కా, రోగిష్టిదానివని తెలిసి కూడా కట్టుకున్నాడంటే ఏదో చూసుకునే ఉంటాడు. ఇల్లు నీ పేరు మీదే ఉందిగా? ఇప్పుడు మనిషి మొహం కనబడని లోయల్లోకి బయల్దేరదీస్తున్నాడు!"

"నోర్ముయ్యవే. ఆ లోయలు చూడాలన్నది నేనే" అని కసిరింది వెర్నా. కసిరిందే గానీ ఆ మాట చెవిని వదిలి పోలేదు.

చివరికి తెచ్చుకున్నది ఒక క్యాన్ ఇంటి నీళ్ళు, వాగుల్లో నీళ్ళు తోడుకోవడానికి ఒక చేతిపంపు ఫిల్టరు. యూటా ఎడారి దారుల్లో పికప్ తోలీ తోలీ తల నెరిసినవాడు, ఎంత బరువు మోయాలో అతనికి తెలియదా అని సరిపెట్టుకుంది.

మొదటి మూడు రోజులూ హాయిగానే గడిచాయి. మర్నాడు లేచేసరికి గడ్డి మీదంతా తెల్లగా మంచు పేరుకుంది. ఓరిన్ ఫిల్టరును ఎండకేసి పట్టి తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఆమె అలికిడి వినగానే గబుక్కున సంచీలో తోసేశాడు.

"ఏమైంది దానికి?"

"ఏం కాలేదు. ఇకనుంచి నీళ్ళ పని నాది. నువ్వు చెయ్యి పెట్టకు."

ఆ పూటే రెండు సీసాలు నింపి తెచ్చాడు. "ఎర్రది నీది, పచ్చది నాది. పొరపాటున కూడా పచ్చదాని జోలికి రాకు."

"అబ్బో, దానిమీద అంత ప్రేమేంటో?"

"నా ఎంగిలి నీకెందుకు, రాణీగారూ!"

ముద్దులకు లేని ఎంగిలి సీసాకెక్కడ నుంచి వచ్చిందో! వెర్నా నవ్వలేదు. ఆ రోజు నుంచి కళ్ళు అతని చేతుల మీదే పెట్టింది.

పచ్చ సీసాను ఆమె చూస్తుండగానే వాగు దగ్గర ఫిల్టరు పంపు కొట్టి నింపేవాడు. ఎర్రదాన్ని మాత్రం బండి వెనక్కి పట్టుకెళ్ళి, వీపు ఇటు తిప్పి నింపేవాడు. అతని నీళ్ళు చల్లగా, సీసా చుట్టూ చెమ్మ పట్టేలా ఉండేవి. ఆమెవి గోరువెచ్చగా, ఏదో వాసనేస్తూ ఉండేవి. ఏం కలుపుతున్నాడు ఇందులో?

కాఫీ కూడా మానేశాడు. అడిగితే "గ్యాస్ అయిపోవచ్చింది" అన్నాడు. ముప్పూటలా కాఫీ లేనిదే కళ్ళు తెరవని మనిషి!

అంతటితో ఆగితే బాగుండేది. బహిర్భూమికని తెచ్చిన చిన్న పార చేత్తో పట్టుకుని మాటిమాటికీ రాళ్ళ వెనక్కి పోవడం మొదలెట్టాడు. పొద్దున్నే ఎవరైనా పోతారు. పట్టపగలు, బండి ఆపి మరీ పోతాడా? పోయినవాడు ఓ పట్టాన రాడు. శాటిలైట్ ఫోన్ ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది. ఎవరితో మాట్లాడుతున్నట్టు? ఏమని?

"ఎక్కడికి పోయావు ఇంతసేపు?"

"దృశ్యం చూసొచ్చాను" అన్నాడు, మొహం తిప్పుకుని.

నిప్పు లేనిదే పొగ రాదు. లారూ ఎంత వదరుబోతైనా ఈసారి నిజమే చెప్పిందనిపించింది. పిచ్చిదానిలా నమ్మి వచ్చాను, ఈ రాళ్ళ మధ్య అరిచినా వినేవాడు లేడు అని ఏడుపొచ్చింది వెర్నాకు. ఏడిస్తే లాభమేముంది? అతను మళ్ళీ పార పట్టుకుని వెళ్ళేదాకా కాచుకుంది.

వంటగిన్నెలో ఎర్ర సీసా కుమ్మరించింది. పచ్చదాన్ని ఎర్రదాంట్లోకి వంచింది. గిన్నెలోవి పచ్చదాంట్లో పోసింది. చుక్క కూడా కింద పడనివ్వలేదు.

ఓరిన్ వచ్చి సీటులో కూలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"నీళ్ళు తాగు" అని పచ్చ సీసా అందించింది, కళ్ళార్పకుండా చూస్తూ.

"దాహం లేదు."

ఇంత ఎండలో దాహం లేదట! పసిగట్టాడు కాబోలు. అయితే నాకేం అనుకుని ఎర్ర సీసా ఎత్తి గటగటా తాగేసింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తనకు దక్కనివ్వని నీళ్ళు! అడుగు కనబడేదాకా వదల్లేదు.

పొద్దు వాలుతుండగా తారు రోడ్డెక్కారు. పెట్రోల్ బంకు దీపాలు కనబడగానే ఓరిన్ బండి ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చి, "హమ్మయ్య, గట్టెక్కించాను" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు.

"ఏం గట్టెక్కించావు?" వెర్నా గొంతు కటువుగా ఉంది.

"ఇక చెప్పొచ్చులే. మంచు పడిన రాత్రి నువ్వు ఫిల్టరు బయటే మరిచావు. గడ్డకట్టి లోపల చిట్లిపోయింది. చెబితే నీవల్లే అని కుమిలిపోతావు. వెనక్కి తిరిగినా అంతే దూరం, ముందుకొచ్చినా అంతే. క్యాన్‌లోవి నీ ఒక్కదానికే సరిపోతాయి. అందుకే రోజూ ఎర్ర సీసాలో ఆ ఇంటి నీళ్ళే పోశాను వెర్నా, నేను పచ్చదాంట్లో తాగినవన్నీ ఆవులు పొర్లిన వాగు నీళ్ళే."