పెరట్లో ఎర్రదీపం

మిర్యాలగూడలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో రిటైరైన మత్తయ్య, పెరట్లో బొమ్మ రైలుకు ఇనుప పట్టాలు వేసుకున్నాడు. ఉగాదికి ముందు కంకర సర్ది, పట్టాల మధ్య పుదీనా నాటాడు. మూడు రోజులుగా తెల్లారేసరికి అది నలిగిపోయి ఉంటోంది.

"పక్కింటి కోళ్లేమో," అంది భార్య ఏసమ్మ.

"కోళ్లు గింత వరుసగ తొక్కుతయా? ముప్పై ఏండ్లు సర్కారు లైన్ కాపాడిన. నా పెరట్లనే గిట్లనా!" మండిపడ్డాడు.

ఆ రాత్రి ఎర్రదీపం పట్టుకుని పెరట్లో కాపలా కూర్చున్నాడు. బొమ్మ ఇంజన్ ఇంట్లో, తాళం వేసిన ట్రంకుపెట్టెలో ఉంది. అయినా పట్టా సన్నగా మోగింది. పాత అలవాటుగా చెవి ఆనించాడు. ఇనుము వెచ్చగా ఉంది. మోత దగ్గరికొస్తోంది.

కోపంగా లేచి దీపం ఎత్తాడు. "ఎవని పర్మిషన్‌తోని వస్తున్నవ్ రా? ఆగు!"

మోత ఆగింది, సరిగ్గా అతని కాళ్ల దగ్గర.

తర్వాత కంకర మీద అడుగుల చప్పుడు. ఒక్కరివి కావు. ఇంకా దిగుతూనే ఉన్నారు.