ఫోనుకెక్కిన పడవ

"టేపు లోపల పెట్టు! నా పడవ మీద చెయ్యి పడిందంటే నిన్ను వాగుల ముంచుత!"

రాఘవులు గడకర్ర ఎత్తాడు.

ఆ కొత్త మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక చేతిలో టేపు, మరో చేతిలో అద్దం పగిలిన ఫోను.

"రోజుకెన్ని ట్రిప్పులు, ఎప్పుడు మరమ్మతు చేసిండ్రు... ఫోన్ల ఎక్కిస్తనన్నా. సర్కారు పడవల రిజిస్టరు ఇది."

"కొలిచేటోళ్లను మస్తు చూసినం. పొలం కొలిచిండ్రు, పొలం పాయె. అడవి కొలిచిండ్రు, అడవి పాయె. గని కంపెనీ ఎంతిచ్చిందిరా నీకు?"

ఇప్పపూల గంపతో పడవెక్కుతున్న వెంకమ్మ నవ్వింది.

"మంచినీళ్లు గూడ ఇయ్యకు తమ్మీ. తాగి బాయి కొలుస్తడు!"

చింతవాగు రేవులో గని మట్టి పోస్తారనీ, పడవ తీసేస్తారనీ మాట పుట్టిన రోజులవి. కొత్తవాడు కనిపిస్తే తరమడమే ఆ ఊళ్లు నేర్చుకున్న చదువు.

అతను పోలేదు. ఒడ్డునే, కొంచెం ఎడంగా, చెట్టు కింద కూర్చున్నాడు. పడవ కదిలినప్పుడల్లా ఫోను నొక్కాడు.

ఆ మంగళవారం రాఘవులు గుగ్గిలం కాచి, పడవ సందుల్లో నార కుక్కాడు. ఆ వాసనకు నాయన కాలం కళ్లముందు తిరిగింది. సంతనాడు మేకలు, కోళ్లు, కొత్త పెళ్లికూతురు, అందరూ ఒకే పడవలో. తెలుగు పాటకు అవతలి ఒడ్డువాళ్ల దోర్లీ భాషలో పాట జవాబు. నీళ్లలో చెయ్యి పెడితే అడుగు గులకరాళ్లు కనిపించేవి. ఇప్పుడు చెయ్యే కనిపించదు.

నాయన పడవ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఊరంతా ఎరిగిన పడవకు రాత ఎందుకు?

ఎనిమిదో రోజు ఆ మనిషి లేడు.

"పీడ పోయింది," అన్నాడు రాఘవులు.

వానల ముందు బీజాపూర్‌లో జనసున్వాయి పెట్టారు, గని మీద జనం మాట వినే సభ. కంపెనీ వకీలు లేచాడు.

"అక్కడ రేవే లేదు సాబ్. ఉంటే రాత ఏదీ?"

రాఘవులు లేచి నిలబడ్డాడు. నాయన పడవ కళ్లముందే లేకుండా పోతోంది.

గుమాస్తా కంప్యూటర్లో వెతికాడు.

"ఉంది సాబ్. చింతవాగు రేవు. రోజుకు ఇరవై రెండు ట్రిప్పులు. మంగళవారం గుగ్గిలంతో మరమ్మతు. బుధవారం నొప్పులు పడుతున్న ఆడమనిషిని దవాఖానకు దాటించారు."

"రేవు ముట్టొద్దు," అన్నాడు అధికారి.

రాఘవులు గుమాస్తా దగ్గరికి ఉరికాడు.

"ఆ ఫోనాయన ఏ ఆఫీసుల ఉంటడు బాబూ? కాళ్లు మొక్కాలె."

"లక్మానా? ఏ ఆఫీసూ లేదు. ఎవరైనా ఎక్కించొచ్చు ఈ రిజిస్టరుల, రేవు రేవూ నడిచి తనే ఎక్కించేటోడు. పోయిన నెల జ్వరమొచ్చి చచ్చిపోయిండు."

"మరి ఆయనకెందుకు ఈ తిప్పలు?"

"వాడు గూడ పడవ నడిపేటోడే గదా," గుమాస్తా తల ఎత్తలేదు. "రాతల లేదని ఎగువ రేవు మూసిండ్రు చూడు, అది వానిదే."